చింతమొక్క పెట్టిన చెయ్యి

చింతచెట్టు పెట్టినవాడు దాని కాయ తినడని మా దిక్కు ఒక మాట ఉంది. చెట్టు కాపుకొచ్చే నాటికి పెట్టిన చెయ్యి మిగలదని దాని అర్థం. అందుకే వయసులో ఉన్నవాడెవడూ చింతమొక్క జోలికి పోడు. మా ఊళ్లలో ఉన్న చింతలన్నీ వాటంతటవే మొలిచినవి, కాకపోతే బతుకు తీరిపోయిందనుకున్న ముసలివాళ్లు పెట్టినవి. నేను మాత్రం ఆ మాటను లెక్కచెయ్యకుండా మూడు జిల్లాల్లో వందల చింతలు పెట్టాను. మొగుళ్లపల్లిలో పనిచేసినప్పుడు బడి చుట్టూ పెట్టాను. పెద్దవంగరలో చెరువుకట్ట పొడవునా పెట్టాను. బచ్చన్నపేట దిక్కు, ఎండకు రాయి కూడా పగిలే నేలలో పెట్టి బతికించాను.

ఏళ్ల తరబడి ఈ మాట చెప్పుకుంటూ వచ్చాను. చాయ హోటళ్లలో చెప్పాను, బస్సుల్లో పక్కసీటు వాళ్లకు చెప్పాను, కొత్తగా వచ్చిన మండలాధికారికి కూడా చెప్పాను. నిజం ఏమిటంటే, ఒక్కటి కూడా పెట్టలేదు. మొగుళ్లపల్లిలో ఒక వేపమొక్క పెట్టాను, నీళ్లు పోయడం మరిచిపోయాను. పెద్దవంగర మా అత్తగారి ఊరు. అక్కడి కట్టమీది చెట్లు నేను అల్లుణ్ణి కాకముందు నుంచే ఉన్నాయి. నేను డ్రాయింగ్ సారును. చెట్లు పెట్టింది నల్లబల్ల మీదనే.

పోయినేడు ఎండాకాలం ముగుస్తుండగా ఒక బడి నుంచి నాకు ఫోను వచ్చింది. బచ్చన్నపేట దాటి లోపలికి పోతే పత్తిచేల మధ్యన, ఒక రాళ్లగుట్ట పక్కన ఉంటుంది ఆ బడి. చర్చి సంఘం పెద్దలు నడుపుతారు, చదివేది మాత్రం అన్ని ఇళ్ల పిల్లలూ. అక్కడి పెద్దటీచర్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఆమెకూ తల నెరిసింది.

"సార్, మీరు జర రావాలె. మా బడికి ఒక ప్లాన్ గీయాలె," అన్నది.

"ఎంతమంది ఇంజనీర్లను అడిగి నా దగ్గరికొచ్చినవ్ బిడ్డా?"

"ఎవర్ని అడగలే సార్. మీరైతే ఇంటికాడ ఖాళీగుంటరు గదా అని."

ఫోను పెట్టేసి మా ఇంటావిడతో ఇలా చెప్పాను: "హైదరాబాదు నుంచి ఇంజనీర్లు వచ్చి చూసి, మాతోని గాదన్నరంట. ఇగ నేనే దిక్కంట." ఆమె బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "గంత పెద్ద పనికి పోతున్నవ్. అంగీ గుండీలన్న సక్కగ పెట్టుకో," అన్నది.

ఆ బడికి ఎండాకాలం క్యాంపు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మిర్చి కాలం వస్తే మా దిక్కు కూలిజనం మానుకోట వైపు ఏరడానికి పోతారు. చేల పక్కనే ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకుని ఉంటారు. బడి నడుస్తున్నన్ని రోజులు పిల్లలు ఊళ్లో అవ్వల దగ్గర ఆగుతారు. సెలవులిస్తే తల్లుల వెంట పోవాల్సిందే. మిర్చి ఏరిన చేత్తో కళ్లు తుడుచుకున్న పిల్ల ఎట్లా ఏడుస్తుందో చూసినవాళ్లకు తెలుసు. ఏడుపైనా నయం, కొందరు జూన్‌లో తిరిగి బడికే రారు. అందుకని పెద్దటీచర్ సెలవుల్లో కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లలను బడిలో పెట్టుకుని, అన్నం పెట్టి, పాటలూ ఆటలూ నేర్పుతుంది. దాన్నే క్యాంపు అంటారు.

పోయినేడు ఆ క్యాంపు నడుస్తుండగా బోరు ఎండిపోయింది. రేకుల షెడ్డు కింద పిల్లలు సొమ్మసిల్లి పడిపోయారు. క్యాంపు నడుమ ఆగింది. ఆ పిల్లల్లో సగం మంది మానుకోట బస్సు ఎక్కారు. నీడా నీళ్లూ ఏర్పాటు కాకుండా మళ్లీ క్యాంపు పెట్టవద్దని సంఘం పెద్దలు తేల్చి చెప్పారు. పాత విద్యార్థులు సాయానికి ముందుకొచ్చారు గానీ, ముందు ప్లాన్ చూపించమన్నారు. ఏటా కొత్త బోరు వేసుకుంటూ పోతే కుదరదు, ఉన్న వాననే ఆపుకోవాలి, ఉన్న నేలనే చల్లబరుచుకోవాలి అన్నారు. అది కుదిరితేనే వచ్చే ఎండాకాలం క్యాంపు. లేకపోతే లేదు.

అదే రోజుల్లో మా ఇంటావిడకు కడుపులో నొప్పి మొదలైంది. వరంగల్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆమెను బయట బల్ల మీద కూర్చోమని, నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. కోసి తీసే దశ దాటిపోయింది, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నాడు. బయటికొచ్చాను.

"ఏమన్నడు?" అన్నది.

"ఏం లేదు. గ్యాస్ అన్నడు. గోళీలు రాసిండు."

"గంతేనా?"

"గంతే."

ఆమె కాసేపు నా మొఖం చూసింది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, "అయితే బస్టాండుల చాయ తాగి పోదాం పా," అన్నది. బాగానే నమ్మించానని ఆ రోజు నాలో నేనే మెచ్చుకున్నాను.

బడికి నా వెంట ఆమె కూడా వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చెయ్యాలె అన్నది. నేను ఎన్నో రాత్రులు కష్టపడి పెద్ద అట్ట మీద ప్లాన్ గీశాను. ఇంజనీరింగ్ కాలేజీల్లో కూడా అట్లాంటి ప్లాన్ ఉండదు. నీళ్లకు నీలం, చెట్లకు పచ్చ, గోడలకు ఇటుకరంగు వేశాను. నిజానికి ఒక్క సాయంత్రంలో గీశాను, బోరును వంటగది నడుమ పెట్టేశాను. మొగుళ్లపల్లి బడి గోడ మీద నేను గీసిన దేశపటంలో శ్రీలంక మన తెలంగాణ కన్నా రెండింతలు ఉండేది. నా చేతి కొలతలు ఎప్పుడూ అంతే.

బడిలో ఒక వాచ్‌మన్ ఉన్నాడు. కాపలా నుంచి కరెంటు పని దాకా అన్నీ అతనే. మనిషి కోతల్లో నా జాతివాడే. ఉడుత కనిపిస్తే చిరుత అంటాడు. నన్ను చూడగానే, "సారూ, మా గుట్టల కొండచిలువ ఉన్నది, మొన్న ట్రాక్టరుకు అడ్డం పడుకుంటే ట్రాక్టరే ఎనుకకు పోయింది," అన్నాడు. అతను నా అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. టీచర్లు చూశారు. వంట చేసే ఆమె చూసింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ, పెద్దమనిషి గీశాడని అందరూ బాగుందన్నారు.

మా ఇంటావిడ ఒక్కతే నోరు తెరిచింది. "కాయిదం మీద ఎవలికి సమజైతది? ఇల్లు కట్టెటోడు ఏం జేస్తడు? ముందుగాల ముగ్గు పోస్తడు గదా. గట్లనే పొయ్యుండ్రి."

మా దగ్గర ఇల్లు మొదలుపెట్టే ముందు, నేల మీద ముగ్గుపిండితో గోడలన్నీ గీస్తారు. దాన్ని ముగ్గు పోయడం అంటారు. ఇంటివాళ్లంతా ఆ గీతల్లోకి దిగి, ఇది వంటిల్లు, ఇది పడకిల్లు అనుకుంటూ తిరుగుతారు. అత్తాకోడళ్ల కొట్లాట ఏదన్నా ఉంటే అప్పుడే తేలిపోతుంది. గోడ లేచాక లాభం లేదు. ఇల్లు కాకుండా బడి మొత్తానికీ ముగ్గు పోయడం ఎవరూ చూడలేదు. నేను మొదలుపెట్టాను. నాలుగడుగులు పోశానో లేదో, వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"సారూ, గిది గోడనా, ఎద్దు ఉచ్చ పోసిందా?"

అందరూ నవ్వారు. మా ఇంటావిడ నా చేతిలోంచి పిండి చిప్ప తీసుకుంది. వంగి, వేళ్ల సందునుంచి పిండి వదులుతూ, షెడ్డు మూల నుంచి ఎండిన బోరు దాకా ఒక గీత పోసింది. రేకుల మీది వాన గొట్టంలోంచి దిగి, ఈ గీత వెంట పోయి, బోరు పక్కన ఇంకుడుగుంతలో పడుతుందని పెద్దటీచర్ పిల్లలకు చెప్పింది. పిల్లలు చేతులు కడిగే చోటు నుంచి కూరగాయల మడికి ఇంకో గీత. ఆడపిల్లల మరుగుదొడ్డి దారి మగపిల్లలు ఆడుకునే దిక్కు నుంచి పోతుంటే, ఒక పెద్దపిల్ల వచ్చి నోరు తెరవకుండా గీత మీద నిలబడింది. మా ఇంటావిడ ఆ పిల్ల మొఖం చూసి, కాలితో ఆ గీత చెరిపి, షెడ్డు వెనక నుంచి తిప్పి పోసింది. మధ్యాహ్నం ఎండ ఎక్కడ దిగుతుందో చూడడానికి అందరం గీతల్లో నిలబడ్డాం. పిల్లలైతే లేని తలుపులు తెరిచి లోపలికి పోతూ, "చెప్పులు ఇడిసి రా! గిది వంటిల్లు!" అని ఒకర్నొకరు కసురుకున్నారు.

నడుమ నడుమ ఆమె నడుము ఎత్తి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. "అలిసినవా?" అంటే, "ఊకో, ముగ్గు తొక్కుతున్నవ్," అనేది.

చివరికి మైదానం నడిమధ్యలో, క్యాంపు పిల్లలు కూర్చునే చోట, ఒక పెద్ద గుండ్రం పోసింది.

"గిదేంది అవ్వా?" అన్నాడు వాచ్‌మన్.

"చెట్టు."

"ఏం చెట్టు?"

"చింత."

వాచ్‌మన్ గుండ్రంలోంచి కాలు తీసేశాడు. ముందు పెద్దటీచరే తేరుకుంది. చింత అయితే ఈ గరుసు నేలకు సరిపోతుంది, వేరు దిగిందంటే మళ్లీ నీళ్లు అడగదు, చిగురు పిల్లల పప్పులోకి వస్తుంది, నీడ చిక్కగా ఉంటుంది అన్నది. అయితే ఆ నీడ వచ్చే దాకా పిల్లలు ఏం కావాలి? దానికి మా ఇంటావిడే జవాబు చెప్పింది. "అప్పటిదాక ఏటా తాటికమ్మలతోని పందిరెయ్యుండ్రి బిడ్డా. చెట్టు పెద్దగైనంక పందిరి గుంజలు పొయ్యిల పెట్టుకుందురు."

మొక్కలు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి. పెద్దవంగరలో ఆమె పుట్టింటి వెనక ఒక చింత ఉంది. అంతకు ముందు ఎండాకాలం అక్కడి గింజలు తెచ్చి, పెరట్లో ఖాళీ పాల కవర్లలో మట్టి నింపి వేసింది. ఎందుకే అంటే, ఊరికే అనేది.

తొలకరి పడ్డాక మొక్కలు పెట్టారు. గోడ వెంట వేపలూ కానుగలూ పిల్లలు కేకలు వేసుకుంటూ పెట్టారు. నడుమ గుంత దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"గుంత తవ్వుడు నా పని సారూ, తవ్విన," అన్నాడు వాచ్‌మన్. "మొక్క పెట్టుడు నాతోని గాదు. నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు."

నేను పెద్దటీచర్ వైపు చూశాను.

"మాకు గిసొంటి నమ్మకాలు లేవు సార్," అన్నది ఆమె.

"మరి పెట్టు బిడ్డా."

ఆమె ఒకసారి గుంత వైపు చూసింది. "నేను ప్రార్థన జేస్త సార్. మొక్క మీరు పెట్టుండ్రి," అని తనే నవ్వేసింది.

ఇక నా వంతు వచ్చింది. "జరుగుండ్రి జరుగుండ్రి. మూడు జిల్లాల్ల చింతలు పెట్టిన చెయ్యి ఇది," అంటూ అంగీ చేతులు పైకి మడిచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుంత దాకా పోయాను. చెయ్యి చాపాను. చాపిన చెయ్యి మొక్కను పట్టుకోలేదు. మోకాలు పట్టేసిందని అన్నాను. మోకాలుకు ఏమీ కాలేదు.

ఆ లోపల మా ఇంటావిడ వచ్చి గుంత పక్కన కూర్చుని, పాలకవరు చింపుతున్నది. అప్పుడు మాత్రం నాకు నిజంగానే భయం వేసింది. పక్కన కూలబడి, ఎవరికీ వినిపించకుండా, "నువ్వొద్దే. ఇటియ్యి, నేను పెడ్త," అన్నాను.

"నువ్వు చింత పెట్టింది బోర్డు మీదనే. జరుగు."

"మంచిది గాదంటరు."

"నువ్వెప్పటి సంది నమ్ముతున్నవ్ గియన్నీ?"

ఆమె మొక్కను గుంతలో నిలబెట్టి, అది వంగిందా, సరిగ్గా ఉందా అని చూసింది. నా వైపు చూడకుండానే అన్నది.

"వరంగల్ల డాక్టరు ఏం జెప్పిండో నాకెర్కే."

"ఎవలు జెప్పిండ్రు?"

"నువ్వే జెప్పినవ్."

"నేను గ్యాస్ అన్న గదనే."

"అవ్. ముల్లు గుచ్చుకుంటే గునపం దిగిందంటవ్. జరమొస్తే యముని మొఖం జూసొచ్చిన అంటవ్. నాకు తలకాయ నొస్తే నువ్వు ఊరందరికి తలకాయ పగిలిందని జెప్పినవ్. గసొంటోనివి, ఎన్నడు లేంది, గా పొద్దు తక్కువ జేసి చెప్పినవ్. గప్పుడే సమజైంది నాకు."

పిల్లలు చుట్టూ అరుస్తున్నారు. పెద్దటీచర్ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నది.

"ఇగ మన్ను పొయ్యి," అన్నది. "ఊకె చూసుకుంట కూసోకు."

నేను మన్ను పోశాను. ఆమె రెండు చేతులతో మొదట్లో అదిమింది.

వానాకాలం మొదటి సగం ఆమె నడుస్తూనే ఉంది. తర్వాత మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడుతుండగా పెద్దటీచర్ ఫోను చేసింది. "సార్, అమ్మకియ్యుండ్రి," అన్నది. నేను ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. అవతల పెద్దటీచర్ తన ఫోనును ఇంకుడుగుంత మీద పట్టుకుని నిలబడింది. మంచం దగ్గర నిలబడ్డ నాకూ వినిపించింది, నీళ్లు రాళ్ల మధ్యలోకి దిగుతున్న చప్పుడు. మా ఇంటావిడ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"నేను పోసిన గీత మీద్నే వస్తున్నయా?" అని అడిగింది.

"నీ గీత దాటి ఒక్క బొట్టు పోతలేదంట," అన్నాను. పెద్దటీచర్ ఆ మాట అనలేదు. అది నేను కలిపిందే.

ఆమె నవ్వింది. "గిప్పుడు మంచిగున్నవ్," అన్నది.

ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ కోసం గునుగుపూలు కోసుకొస్తున్న రోజుల్లో ఆమె పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను. పెద్దగా రాద్దామంటే మాటలు రావు, చిన్నగా రాస్తే ఆమె కనిపెట్టేస్తుంది.

ఆ తర్వాత నేను బడి వైపు పోలేదు. చలికాలం అంతా పెద్దటీచర్ ఫోన్లు చేసింది. వాగు ఇసుకలో తవ్విన చెలిమెలో ఊరినట్టు బోరులో కాస్త నీళ్లు వచ్చాయని చెప్పింది. పెద్దలు వచ్చి గుంతలూ మడులూ చూసి, పందిరి వేస్తే ఈసారి క్యాంపు పెట్టుకోండి అన్నారని చెప్పింది. పిల్లలకు బొమ్మలు నేర్పడానికి రమ్మన్నది. "కాలు తీసెయ్యాలంటున్నరు బిడ్డా," అన్నాను. కాలుకు ఏమీ కాలేదని ఆమెకు కూడా తెలుసు.

క్యాంపు మొదలయ్యే రోజున వాచ్‌మన్ బండి వేసుకుని ఇంటికే వచ్చాడు. "మేడం తోలుకరమ్మన్నది. రానంటే ఎత్తుకరమ్మన్నది," అన్నాడు. వెనక ఎక్కి కూర్చున్నాను. దారి పొడవునా కబుర్లే. పందిరి ఎంత పెద్దదంటే దాని కింద రెండు పెళ్లిళ్లు చెయ్యొచ్చన్నాడు. కమ్మలు కొట్టడానికి తాటిచెట్లెక్కినప్పుడు పైనుంచి తనకు జనగామ రైలుస్టేషన్ కనిపించిందన్నాడు. ఆ కోతలు వింటుంటే చాలా రోజుల తర్వాత నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో అడిగాను.

"చింత ఎట్లున్నదిరా?"

అతను గేరు మార్చాడు.

"ఏం లేదు సారూ. జర ఆకు రాలింది. గంతే."

గంతే. ఉడుతను చిరుత చేసేవాడు, పామును ట్రాక్టరుకు అడ్డం పడుకోబెట్టినవాడు, గంతే అన్నాడు. దవాఖాన బల్ల దగ్గర నేను అన్న మాటే అది. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. గుంతల దారిలో పడిపోకుండా అతని భుజం పట్టుకున్నాను.

బడికి పోయేసరికి పిల్లలంతా తాటికమ్మల పందిరి కింద ఉన్నారు. నీడ మంచిగా పడింది. పందిరి అంచున, ఆమె గుండ్రం పోసిన చోట, కొత్తగా తెచ్చిన తుమ్మకంప చుట్టూ పేర్చి ఉంది. లోపల ఒక పచ్చని రెమ్మ నిలబడి ఉంది. పెద్దటీచర్ నా పక్కకు వచ్చింది.

"మేకలు జర కొరికినయ్ సార్. మళ్ల చిగురిస్తది."

నేను వంగి చూశాను. చింతాకు ఎట్లా ఉంటుందో నల్లబల్ల మీద గీసినవాడికైనా తెలుస్తుంది. అది దూరం నుంచి చింతలాగే కనిపించే సుబాబుల్ కొమ్మ, ఎక్కడినుంచో విరిచి గుచ్చారు. పందిరికి కమ్మల ట్రాక్టరు లోపలికి రావడానికి మొక్క చుట్టూ ఉన్న కంచె తీశారు. పిల్లలు వచ్చేలోపల నీడ లేపాలని అందరూ గుంజలు పాతడంలో పడ్డారు. కంచె మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం మేకలు దిగి, మొక్కను మొదలంటా లాగేశాయి. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పెద్దటీచర్ కళ్లలోకి చూడకుండా, "అవ్ బిడ్డా, చిగురిస్తది," అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పోయింది.

ఇంటికి పోయాక పెరట్లోకి పోయాను. గోడ వారన పాల కవర్లు వరుసగా ఉన్నాయి. ఆమె పోయిన తర్వాత వాటికి నేను నీళ్లు పోయలేదు. రోజూ పోశానని రాద్దామనుకున్నాను గానీ, పోసింది పక్కింటామె. చాలావరకు ఎండిపోయాయి. ఒకదానిలో మాత్రం జానెడు మొక్క ఉంది.

మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకుని బడికి పోయాను. పిల్లలు వరుసల్లో కూర్చుని అన్నం తింటున్న వేళ, కంచె తీసి లోపలికి పోయాను. వాచ్‌మన్ ఉరికి వచ్చాడు.

"సారూ, గీ ఎండల మొక్క పెడ్తరా? వానలు పడనియ్యుండ్రి."

"అప్పటిదాక నేనుండాలె గద."

"గట్లనకుండ్రి."

"గుంత తవ్వు."

తవ్వాడు. తవ్వి, గడ్డపార పక్కన పడేసి, అక్కడే నిలబడ్డాడు. నేను కూర్చోవడానికి అవస్థపడుతుంటే చూసి, "మీకు వంగొస్తలేదు సారూ. ఇటియ్యుండ్రి, నేను పెడ్త," అని నా చేతిలోని మొక్కకు చెయ్యి చాపాడు.

ఆ చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. "చెయ్యి తియ్! నీకు ఇద్దరు ఆడపిల్లలున్నరు."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, మొఖం అటు తిప్పుకున్నాడు.

మొక్కను గుంతలో నిలబెట్టి, మన్ను పోసి, ఆమె అదిమినట్టే రెండు చేతులతో మొదట్లో అదిమాను. వందల చింతలు పెట్టినవాడు పెట్టిన మొదటి చింత అది. వాచ్‌మన్ చేతులు కడిగే చోటు నుంచి మడికి పోయే కాలువను తెంపి, ఒక పాయ మొక్క దిక్కు తిప్పాడు. పిల్లలు పళ్లేలు కడగడం మొదలుపెట్టారు. అన్నం మెతుకులు తేలుతూ నీళ్లు మెల్లగా వచ్చి మొదట్లో ఆగాయి.

ఈ ఏడు క్యాంపు చివరి దాకా నడిచింది. నేను రోజూ పోయాను. పిల్లలు కంచె చుట్టూ చేరి అడిగేవాళ్లు.

"తాతా, గీ మొక్క ఎవలు పెట్టిండ్రు?"

"మా ముసల్ది పెట్టింది."

ఆ అబద్ధం పెద్దటీచర్‌కూ వాచ్‌మన్‌కూ తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది.

ఆఖరి రోజున ఒక పిల్ల అడిగింది, "తాతా, గిది ఎంత పెద్దగైతది?"

"మీరందరు దీని కింద కూసోని అన్నం తింటె ఇంక నీడ మిగులుతది," అన్నాను. "మీ పిల్లలు గూడ కూసుంటరు. మీరు ముసలోళ్లయి కట్టె పట్టుకోని వచ్చి చూసినా, గప్పటికి గూడ ఇది పెరుగుతనే ఉంటది."

అందులో ఒక్క పిసరు కూడా నేను కలపలేదు. చింత అంతే పెరుగుతుంది.

ఆ పిల్ల జానెడు మొక్కను చూసింది, నన్ను చూసింది. పక్కపిల్ల వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తాత మళ్ల కోతలు కోస్తుండు," అన్నది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కాలువలో నీళ్లు వస్తున్నాయో లేదో చూద్దామని అటు పోయాను.